సూదిమొనంత పలుకు

మా పిన్నికి అన్నం వండటం రాదు. ఈ మాట నాది కాదు, మా పిన్ని అత్తగారిది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ మధ్యాహ్నం పన్నెండున్నరకి కంచం ముందు కూర్చుంటారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటారు. రెండుసార్లు నములుతారు. అప్పుడు గోడ గడియారం వైపు చూస్తూ ఒకే ఒక్క మాట అంటారు.

"పలుకుంది."

మెతుకు పైకి ఉడికినట్టే కనిపించి, లోపల సూదిమొనంత బియ్యం బియ్యంగానే మిగిలిపోతే దాన్ని పలుకంటాం కదా, అదీ సంగతి. మెతుకులో ఉన్నదీ పలుకే, ఆవిడ నోట్లోంచి వచ్చేదీ పలుకే. రెండూ గట్టివే. మా పిన్ని ఆ మాటకి ఏనాడూ ఎదురు చెప్పి ఎరగదు. నేనైతే రెండో రోజే కంచం తీసి అవతల పెట్టేదాన్ని. నా నోరు అలాంటిది, దాచుకోవడం దేనికి?

నిజానికి తప్పు ఎవరిదో చెప్పడం కష్టం. మా అమ్మా పిన్నీ పుట్టిన ఇంట్లో అన్నం దించాక మూతపెట్టి పావుగంట వదిలేసేవారట. ఆ పావుగంటలో మిగిలిన పలుకు దానంతటదే పోయేది. "దించాక కూడా ఉడుకుతుందే" అని పిన్ని ఇప్పటికీ అంటుంది. అత్తగారింట్లో ఆ పావుగంట లేదు. గడియారం ముల్లు పన్నెండున్నర మీదికి వచ్చేసరికి మామ్మగారి చెయ్యి కంచంలో ఉంటుంది. పిన్ని అత్తగారిని నేను మామ్మగారనే పిలుస్తాను. ఆవిడ ఐదు నిమిషాలు ఆగరు, పిన్ని ఐదు నిమిషాలు ముందు పొయ్యి వెలిగించదు. పర్యాటకుల బస్సు నడిపే మా బాబాయి, రోడ్డు మీద ఎంత దర్జాగా ఉన్నా, ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్క.

ఇంతకీ, అన్నం వండటం రాని మా పిన్ని చేసే ఉద్యోగం ఏమిటనుకున్నారు? వంట. అదీ ఇటాలియన్ రెస్టారెంట్లో.

పడవలు ఆగే చోటు నుంచి పాత కోట దాకా వెళ్ళే ఎత్తు వీధిలో ఉంటుంది మా రెస్టారెంటు. అటూ ఇటూ టోపీలూ తాళంచెవుల గొలుసులూ అమ్మే కొట్లు. జనం ఆకలితో కోట ఎక్కుతారు, ఇంకా ఆకలితో దిగుతారు. దిగేటప్పుడు మా గుమ్మంలో కాగుతున్న వెల్లుల్లి వాసన తగులుతుంది. ఆ తర్వాత మేం పిలవక్కర్లేదు. బయట గొడుగుల కింద తొమ్మిది బల్లలున్నాయి, ఆ తొమ్మిదింటికీ వడ్డించేది నేనే. బల్లల మీద గుడ్డ ఉండదు, తెల్ల కాగితం పరుస్తాం. పిల్లలు దాని మీద బొమ్మలు గీసుకుంటారు, పెద్దవాళ్ళు రేపు ఎక్కడికి వెళ్ళాలో దారులు గీసుకుంటారు. బల్ల ఖాళీ కాగానే కాగితం చుట్టి పారేస్తాం.

ఆరేళ్ళ కిందట పిన్నిని ఇక్కడికి తెచ్చింది నేనే, గిన్నెలు కడిగే పనికి. గిన్నెల తొట్టికీ పాస్తా ఉడికే పొయ్యికీ మధ్య రెండడుగుల దూరం. పిన్ని అటు తిరిగి నిలబడి రెండేళ్ళు ఆ పొయ్యి దగ్గర జరిగే గొడవంతా వింది. మా ఓనరు ఓడల్లో పన్నెండేళ్ళు వంటచేసి వచ్చిన మనిషి. ఆ ఓడల్లోనే ఇటలీ ముసలాయన ఒకాయన ఆయనకి ఈ విద్య నేర్పాడట. నేర్పేటప్పుడు ఎంత గట్టిగా అరిచి నేర్పాడో, మా ఓనరూ అంత గట్టిగానే అరుస్తాడు.

"మెత్తబడిపోయిందయ్యా మళ్ళీ! పంటికి తగలాలి, పంటికి!"

"ఎంత తగలాలి సార్?" అనేవాడు అప్పటి పాస్తా వంటవాడు. పాపం, మంచివాడే. మూడు గడియారాలు పెట్టుకుని వండేవాడు.

ఎంత తగలాలో ఓనరుకి తెలుసు, చెప్పడానికి మాట లేదు. ఇటలీవాళ్ళు దానికి రెండు మాటల పేరేదో పెట్టుకున్నారు. ఆయన అంటూనే ఉంటాడు, నాకు నోరు తిరగదు. ఒకరోజు ఇలాగే అరుపులు మిద్దెకి తగులుతుంటే, మా పిన్ని వెనక్కి తిరక్కుండానే అంది.

"పలుకు మిగలాలంటున్నారు, అంతేగా?"

పిన్ని నురగ చేతులు తుడుచుకుని, వైరు బుట్టలోంచి ఒక పోగు తీసి గోటితో తుంచి చూపించింది. తుంచిన చోట నడిమధ్యన తెల్లటి చుక్క, సూదిమొనంత.

"ఇదిగోండి. ఈ చుక్క ఉండగానే దించెయ్యాలి. సాసులో వేశాక అది ఇంకాస్త తగ్గి, పంటికి తగిలేంతే మిగులుతుంది. దించాక కూడా ఉడుకుతుంది కదండీ."

ఓనరు ఆ పోగుని వెలుగులో పెట్టి చూశాడు. "నీకెవరు నేర్పారమ్మా ఇది?"

"ఎవరూ నేర్పలేదండీ. ఇంట్లో రోజూ చీవాట్లు తింటున్నాను."

ఆ తర్వాత పాస్తా వంటవాడు తన మూడు గడియారాలూ పట్టుకుని పెద్ద హోటల్లో కేకులు చేసే పనికి వెళ్ళిపోయాడు. అక్కడ హాయిగా ఉన్నాడు, అప్పుడప్పుడూ కనిపిస్తాడు. ఆ పొయ్యి పిన్నికి వచ్చింది. నాలుగేళ్ళయింది. మామూలు రోజుల్లో అత్తగారికి వడ్డించాకే పనికి వస్తుంది; ఆదివారం మాత్రం పొద్దున్నే వచ్చేస్తుంది, ఆ రోజు నూట ఎనభై పళ్ళేలు ఆవిడ చేతి మీదుగానే వెళతాయి. గడియారం చూడదు, గోటితో తుంచుతుంది. మా వంటగదిలో ఇప్పుడు ఓనరు కూడా ఆ రెండు మాటల పేరు వదిలేసి, "అమ్మా, పలుకుందా?" అనే అడుగుతాడు. ఉందంటే సరే, లేదంటే ఆ పళ్ళెం బయటికి రాదు.

కొందరు పర్యాటకులు ఇది ఉడకలేదని నన్ను పిలుస్తారు. నేను కాస్త గంభీరంగా మొహం పెట్టి, "అసలు పద్ధతి ఇదేనండీ" అంటాను. వెంటనే తలూపి, అప్పటిదాకా తమకే తెలిసినట్టు పక్కవాళ్ళకి చెబుతారు. మనుషులు అంతే.

మామ్మగారి దగ్గర మాత్రం ఈ పప్పులేవీ ఉడకలేదు. పొయ్యి తనకిచ్చిన రోజున పిన్ని ఇంటికెళ్ళి చెబితే, ఆవిడ నవ్వేశారట. "ఊరుకోవే. అన్నం ఉడికించడం రానిదానికి వంట ఎవరప్పగిస్తారు?" అన్నారట. పక్కింటావిడ అడిగినప్పుడల్లా, "మా కోడలు హోటల్లో గిన్నెలు కడుగుతుందమ్మా, పాపం" అంటారు. గిన్నెలు కడగడం తప్పేం కాదు, రెండేళ్ళు కడిగింది. ఆ చివర తగిలించే 'పాపం' ఉంది చూశారూ, అదే పిన్నికి గుచ్చుకునేది. బాబాయి చెప్పచ్చు కదా అంటారా? తల్లి అడిగితే, "అక్కడ బాగానే చూసుకుంటారమ్మా" అని చెప్పి బస్సు కడగడానికి పోతాడు.

ఒకసారి ఉల్లిపాయలు తరుగుతూ పిన్ని నాతో అంది. "నాకు సన్మానాలేం వద్దే. 'మా కోడలు వంటచేస్తుంది' అని ఆవిడ నోటితో ఒక్కసారి వింటే చాలు." కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలే అనుకోమని నా వైపు చూసింది, నేనూ అలాగే అనుకున్నట్టు నటించాను.

ఈ మధ్య మామ్మగారికి కట్టుడు పళ్ళు వచ్చాయి. పై వరసా కింది వరసా పూర్తిగా కొత్తవి. వచ్చిన వారం ఆవిడ నవ్వుతూనే ఉన్నారు, నవ్వడానికి కారణం ఉన్నా లేకపోయినా. మా ఓనరు ఏటా ఒక ఆదివారం పనివాళ్ళ ఇంటివాళ్ళని భోజనానికి పిలుస్తాడు. మూడేళ్ళుగా ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్న మామ్మగారు, ఈసారి, "కొత్త పళ్ళు ఊరికే ఇంట్లో కూర్చోబెట్టడమెందుకు? వస్తాను" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా పిన్నికి నిద్ర లేదు.

ఆదివారం పన్నెండుంబావుకి బాబాయి తల్లిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి నాలుగో బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నాలుగో బల్ల గొడుగు పెద్దది, కుర్చీలు ఊగవు, అందుకే అట్టేపెట్టాను. మామ్మగారు కూర్చోగానే బల్లని వేలితో తట్టారు.

"కాగితం పరిచారేమిటే? గుడ్డకి గతి లేదా?"

"ఎవరు తిన్నాక వాళ్ళది తీసేసి కొత్తది వేస్తాం మామ్మగారూ. శుభ్రం."

"ఊఁ. ఇవేమిటి, ఈ అట్ట మీద? ఎవరి పేర్లు?"

"మనుషుల పేర్లు కాదండీ, వంటల పేర్లు."

"మరి పిలిస్తే పలికేట్టున్నాయి." ఆవిడ నవ్వారు. రెండు వరసలూ తళతళలాడాయి. "నువ్వే చెప్పు, ఏం తినమంటావు?"

"టమాటా, వెల్లుల్లి వేసిన స్పగెట్టీ. మా పిన్ని చేతిది."

"సేమ్యానా?"

"సేమ్యాకి అన్నయ్య అనుకోండి."

"సరే, తెమ్మను అన్నయ్యని. మా కోడలికి పని తెమిలితే ఒకసారి ఇటు రమ్మను. గిన్నెల దగ్గర నుంచి వదులుతారో లేదో!"

బాబాయి ఉప్పు సీసా మీద అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గుమ్మం దాటి లోపలికొచ్చేదాకా పళ్ళు బిగబట్టుకునే ఉన్నాను, నావి సొంత పళ్ళు కాబట్టి సరిపోయింది.

లోపల పిన్ని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నూట ఎనభై పళ్ళేలు దించే మనిషి ఆ వేళ ఒక్క ఖాళీ పళ్ళేన్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"పళ్ళు పెట్టుకొచ్చారా?"

"పెట్టుకొచ్చారు. ఊరందరికీ చూపిస్తున్నారు కూడా."

"నీకు తెలీదే. సాయంత్రం అయ్యేసరికి తీసి డబ్బాలో పెట్టి, దవడలు పట్టుకుని కూర్చుంటున్నారు. చిగుళ్ళు వాచాయి. మూడు రోజులుగా రాత్రిళ్ళు అరటిపండు ఒక్కటే తింటున్నారు. ఎవరికీ చెప్పరు. డబ్బా కడిగేది నేను కదా, నాకు తెలుసు."

అని స్పగెట్టీ బుట్టలో వేసి, మరుగుతున్న నీళ్ళలోకి దింపింది. ఏడు నిమిషాలయింది. ఆవిడ తీసే వేళ అదే. తియ్యలేదు. ఎనిమిదయింది. పది అయింది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. పన్నెండయింది. ఓనరు అటుగా వస్తూ బుట్టలోకి తొంగి చూశాడు. ఆయన మొహం ఎలా మారిందో చెప్పలేను. సొంత తండ్రి అలా ఉడికించినా ఊరుకునే మనిషి కాదు.

"ఎవరికిది?"

"మా అత్తయ్యకండీ. పళ్ళు కొత్తవి."

ఓనరు బుట్ట మీంచి చూపు తిప్పేసుకున్నాడు. "నేను చూడలేదు" అని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

పిన్ని దాన్ని సాసులో కలిపి, పైన చీజు మంచులా రాల్చి నా చేతికిచ్చింది. వెన్నలాగా ఉంది. అప్పటికి సరిగ్గా పన్నెండున్నర.

మామ్మగారు ఫోర్కు పక్కన పెట్టి చెంచా తీసుకున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. బాబాయి ఉప్పు సీసా వదల్లేదు. నేను పక్క బల్ల కాగితం మార్చే వంకతో అక్కడే ఉన్నాను. ఇద్దరం ఆ ఒక్క మాట కోసం చూస్తున్నాం. రాలేదు. ఆవిడ రెండోసారి పెట్టుకున్నారు. నమలాల్సిన పని లేకుండానే దిగిపోయింది. చెంచా కింద పెట్టేశారు.

"ఎవరు వండారే ఇది?"

"పిన్నే."

"నాకు చెప్పకు. ఇది మా కోడలు వండింది కాదు."

"అయ్యో, నా కళ్ళతో చూశాను మామ్మగారూ!"

"నీ కళ్ళ సంగతి నాకెందుకు? ఇరవై రెండేళ్ళు దాని వంట తిన్నాను. దాని చెయ్యి నాకు తెలీదా? ఇందులో పలుకేదీ?" కొడుకు వైపు తిరిగారు. "అది లోపల గిన్నెలు తోముకుంటోంది. మీరంతా కలిసి నా చెవిలో పువ్వు పెడుతున్నారు. ముసలిదాన్ననేగా!"

ఆవిడ గొంతులో కోపం కంటే నొచ్చుకోవడం ఎక్కువుంది. అది చూశాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళాను.

పిన్ని పళ్ళెం వైపు చూసి తెల్లబోయింది. "పలుకుందన్నారా?"

"లేదన్నారు."

"మంచిదేగా?"

"లేదు కాబట్టి నువ్వు వండలేదంటున్నారు. నీ చెయ్యి ఆవిడకి తెలుసట. గిన్నెలు తోముతున్నావట."

పిన్ని తిరగేసిన టమాటాల పెట్టె మీద కూలబడింది. అత్తగారి చిగుళ్ళ కోసం తన విద్యని పక్కన పెడితే, ఆ విద్యే తనది కాకుండా పోయింది. నేనైతే అరిచేదాన్ని. పిన్ని అరవలేదు. ఉన్నట్టుండి లేచి ఏప్రన్ ముడి బిగించుకుంది. కొత్త స్పగెట్టీ తీసి నీళ్ళలోకి దింపింది.

"పళ్ళ మాటేమిటి?" అన్నాను.

"పళ్ళు ఆవిడవి. వంట నాది."

మా పిన్ని నోట అంత పెద్ద మాట నేను వినడం అదే మొదలు. ఏడు నిమిషాలకి బుట్ట ఎత్తి, ఒక పోగు గోటితో తుంచి నాకు చూపించింది. సూదిమొనంత తెల్లచుక్క. సాసులో వేసి నాలుగుసార్లు ఎగరేసి, పళ్ళెంలోకి దించింది. నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు. తెల్ల టోపీతో, టమాటా మరకల ఏప్రన్‌తో, తనే పట్టుకుని బయటికి నడిచింది.

మామ్మగారు ఆ వేషం వైపు పైనుంచి కిందికి చూశారు. వేషం ఎవరైనా వేస్తారు. చెంచా తీసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. దవడ ఆగింది. మెల్లగా అటు కదిలింది, ఇటు కదిలింది. ఎక్కడో కొత్త పన్ను టక్కుమంది. నొప్పికి ఒక కన్ను చిట్లించారు. ఉమ్మేస్తారేమోనని బాబాయి కాగితం రుమాలు అందించాడు. ఆవిడ దాన్ని తోసేసి, ఓపిగ్గా నమిలి మింగారు. గోడ గడియారం లేదు కాబట్టి కోట వైపు చూశారు.

"పలుకుంది" అన్నారు.

అప్పుడే మా ఓనరు బల్లలన్నీ పలకరించుకుంటూ అక్కడికి వచ్చాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. మొహం వెలిగిపోయింది.

"అదీ మాట! మీకు తెలిసిపోయిందే! ఈ వీధిలో ఇన్ని రెస్టారెంట్లున్నాయి కదమ్మా, ఇలా పలుకు నిలబెట్టి వండగలిగిన చెయ్యి ఇంకొకటి లేదు. నేను నేర్పింది కాదు. నేనే ఈవిడ దగ్గర ఆ మాట నేర్చుకున్నాను. ఇంతకీ మీరు ఈవిడకి..."

మామ్మగారి చెంచా గాలిలో ఉండిపోయింది. ఆవిడ ఓనరు వైపు చూశారు, కోడలి వైపు చూశారు, పళ్ళెం వైపు చూశారు. ఇరవై రెండేళ్ళుగా తను తిట్టిన తిట్టు ఈ పెద్దమనిషి మెప్పుగా వాడుతున్నాడని ఆవిడకి బోధపడటానికి కొంచెం సేపు పట్టింది. బోధపడ్డాక మాత్రం ఆవిడ ఆలస్యం చెయ్యలేదు. వెన్ను నిటారుగా పెట్టి, కొత్త పళ్ళు రెండు వరసలూ కనిపించేలా నవ్వారు.

"మా కోడలండీ. మొదటి నుంచీ అంతే వండుతుంది. నేను రోజూ చెబుతూనే ఉంటాను, పలుకుందీ, పలుకుందీ అని. కావాలంటే అడగండి."

బాబాయి ఉప్పు సీసా చేజారింది. నేను గొడుగు కర్ర వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాను. పిన్ని మాత్రం నవ్వలేదు. నీళ్ళు నిండిన కళ్ళతో, "అవునండీ, రోజూ చెబుతారు" అంది. ఈసారి ఉల్లిపాయలు దగ్గర్లో లేవు.

మామ్మగారు పళ్ళెం ఖాళీ చెయ్యడానికి ముప్పావుగంట పట్టింది. ఒక్కో ముద్దకీ నొప్పి తెలుస్తూనే ఉంది, ఆపలేదు. మెత్తగా ఇంకొకటి చేసి తెస్తానని పిన్ని అంటే, "నోరు మూసుకో. నాకిదే బాగుంది" అన్నారు. సగంలో పక్క బల్లకి తిరిగారు. అక్కడ కోట దిగి వచ్చిన పర్యాటకులు, ఎండకి ముక్కులు కందిన దంపతులిద్దరు కూర్చున్నారు. ఆవిడ భాష వాళ్ళకి ఒక్క ముక్క రాదు.

"ఇది మా కోడలు వండింది" అని వాళ్ళకి చెప్పారు. వాళ్ళు తలూపారు. పిన్ని గుమ్మంలో నిలబడి వింది.

సోమవారం మాకు సెలవు. పిన్ని రమ్మంటే వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. నేను లోపలికి అడుగుపెట్టబోతుంటే పక్కింటావిడ గుమ్మం దగ్గరే ఆపి, "మీ పిన్ని హోటల్లో పెద్ద వంటమనిషటగా, మీ మామ్మగారు పొద్దున చెప్పారు" అంది. 'పాపం' అన్నారా అని అడిగాను. అనలేదట.

పన్నెండున్నర అయింది. మామ్మగారు కంచం ముందు కూర్చున్నారు. పిన్ని వేడి వేడి అన్నం వడ్డించి వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, రెండుసార్లు నమిలి, గోడ గడియారం వైపు చూశారు.

"పలుకుంది."

ఇరవై రెండేళ్ళుగా ఆ మాటకి జవాబు చెప్పి ఎరగని మా పిన్ని వంటింట్లోంచి తల బయటికి పెట్టింది.

"వినిపించలేదత్తయ్యా, ఇంకోసారి అనండి."

అన్నారు.